పొట్టదాక నీళ్లు

ఈ ఊరి పేరు సార్.
బహ్రెయిన్‌ల దిగిన మొదటి వారం
బోర్డు సూసి నవ్వుకున్న,
ఊరంతటినీ వంగి పిలువాల్నా అని.

ఏజెంటు చెప్పింది అబద్ధమైతే కాదు.
"స్విమ్మింగ్ పూల్‌ల పని, నీడ పట్టు" అన్నడు.
ఈదేది కుక్కలని చెప్పలే.
నేనూ అడుగలే.

షట్టరు ఎత్తంగనే క్లోరిన్ వాసన, తడి బొచ్చు వాసన.
నీళ్లు ముప్పై డిగ్రీలు,
ఒక్కటి ఎక్కువైనా మారిసెల్ ఊకోదు.
బయట జులై.
బయటి సముద్రమే ఇంతకన్న ఉడుకు.

రీమ్‌ను దుప్పట్ల ఎత్తుకొచ్చిండ్రు
ఇద్దరు, చెరో కొస పట్టుకొని.
సలూకి జాతి. సన్నటి మూతి, చెవులకు పట్టుకుచ్చులు.
ఒకప్పుడు ఉరికే కుందేలును
ఇసుకల్నే మలిపి పట్టేదంట.
నడుముల పూస జారి, కోత పడి,
ఎనుక కాళ్లు రెండూ
ఎవరివో అయినట్టు ఈడ్సుకొస్తున్నయి.

"లింబాద్రీ, నడుము పట్టు" అంటది మారిసెల్.
పడుత.
నారింజ జాకెట్ తొడిగి, వీపు మీది పిడి అందుకుంట.
మా మోటబాయిల చిన్నాయన
నా వీపుకు డాల్డా డబ్బా కట్టి తోసింది యాదికొస్తది.
ఆయనా గిట్లనే పట్టి, గిట్లనే నడిపిచ్చి,
చెప్పకుండ ఇడిసిపెట్టె.

గాజు పెట్టెల పట్టా మెల్లగ తిరుగుతది.
నీళ్లు మడమ దాటి, మోకాలు దాటి
పొట్టకు ఆనంగనే
రీమ్ ఒళ్లు నా చేతులల్ల తేలికైతది,
బియ్యం బస్తా తవుడు బస్తా అయినట్టు.
బరువు ఎటువోయిందని అడిగితే
మారిసెల్ నీళ్ల దిక్కు సూపిచ్చింది.
సగం అవే మోస్తయంట.
కీళ్ల మీద దెబ్బ పడదు, కండకు మాత్రం పని తప్పదు,
బిగిసిన నరం ఆ ఉడుకుకు ఇడుస్తదంట.
ఆ కాగితాలు సదువరాదు నాకు.
చేతికి తెలిసిందే చెప్తున్న:
తాడోలె ఉన్న తొడ కండ
ఐదో వారానికి పిడికిట్లకు వచ్చింది.

పాదం మాత్రం మడుచుకునే ఉండె.
వంగి, ఒక్కోటి ఇప్పి పట్టా మీద పెడుత.
మడుస్తది.
మళ్ల పెడుత.

ఒక్క ఈతకు ఇరవై దీనార్లు.
లెక్క కట్టద్దనుకుంట, కడుత:
ఆరు సార్లు ఈదితే నా నెల జీతం.
కోపం గాదు.
అయినా రీమ్ మీద గాదు.
మా కర్రెద్దు కెనాల్ కాడ కాలిరిగి పడ్డనాడు
నాయిన రెండు రోజులు పసుపు పట్టేసి
మూడోనాడు డీసీఎం పిలిచిండు.
ఎక్కిచ్చేటప్పుడు దాని నడుము పట్టింది నేనే.
పట్టుడు నాకు అప్పటిసంది వచ్చు.

తొమ్మిదో వారం, మంగళవారం,
నేను చెయ్యి పెట్టకముందే
ఎడమ పాదం తనంత తనే ఇచ్చుకొని
పట్టా మీద సాపుగ ఆనింది.
మారిసెల్ తన భాషల ఏందో అరిచింది.
అబాయా అంచు తడుస్తున్నా సోయి లేక
ఉమ్ జాసిమ్ గాజుకు అరచెయ్యి ఆనిచ్చి నిలవడ్డది.
రీమ్‌కు ఇవేం పట్టలే.
మూతి ఎత్తి, మారిసెల్ చేతిలున్న
కోడికూర ముక్క దిక్కే సూస్తున్నది.
దానికోసమే ఇంకో అడుగేసింది.

పొడినేల మీద ఇంకా తూలుతది.
కుందేళ్ల ఎంబడి పడేది ఇగ లేదు,
డాక్టరు ముందే చెప్పేసిండు.
తలుపు దాక నడుస్తది, గిన్నె కాడికి నడుస్తది.
గంతే.
గది సాలన్నది ఉమ్ జాసిమ్.
ఇప్పుడు నిద్రల కాళ్లు కొడుతున్నదంట,
ఉరుకుతున్నట్టు,
అరబిల చెప్పి, నాకు సమజ్ గాలేదని
రెండు చేతులు గాలిల ఆడిచ్చి సూపెట్టింది.

తెల్లారి రూముల చాయ్ పోస్కుంట
కింది మంచం ఎర్రన్న అన్నడు,
"ఏందిరా, రాత్రంత కాళ్లు కొట్టినవ్,
మంచం ఊగి నాకు నిద్ర లేదు."
ఏ నీళ్లల్ల ఉన్ననో యాదికి లేదు.
తువ్వాల భుజమ్మీదేసుకొని
బస్సుకు ఉరికిన.